తవుడు పోసి కొన్న బిడ్డ

కుబాత్ కారు స్టార్టు చేసి ఇరవై నిమిషాలైంది. పెట్రోలు ఊరికే తగలబడిపోతోందని రెండుసార్లు లోపలికొచ్చి గొణిగి వెళ్ళాడు. మూడోసారి తల్లి మొహం చూసే ధైర్యం చాలక వాకిట్లోంచే హారన్ కొట్టాడు.

తాజిఖాన్ కదల్లేదు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి ఉన్ని మేజోడు. నెత్తిన పొరుగావిడెవరో కట్టి వెళ్ళిన నల్ల రుమాలు. పసివాడి తొట్టి కర్రని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

తెల్లవారుజామున కారా-కుల్జా నుంచి కబురొచ్చింది. ఆవిడ అక్క బాత్మా పోయింది. మధ్యాహ్నం నమాజు అవగానే మట్టి చేస్తారు. వాకిట్లో వేసిన చావు గుడారంలో శవం పక్కన కూర్చుని శోకాలు పెట్టడానికి తోడబుట్టినవాళ్ళలో మిగిలింది ఈవిడొక్కతే. ఆ ఒక్కతే రానంటోంది. ఎందుకు రానంటోందో మాత్రం చెప్పదు.

ఈపాటికి వీధి చివర రొట్టెల పొయ్యి దగ్గర ఈ మాట నలుగురి నోళ్ళలో నానుతూనే ఉంటుంది. సొంత అక్క చస్తే గడప దాటని మనిషి ఉజ్గెన్ ఊళ్ళో ఇప్పటిదాకా పుట్టలేదు.

కారణం ఏమిటో ఇంట్లోవాళ్ళకి తెలుసు, లేదా తెలుసనుకుంటున్నారు. చావింటికి వెళ్ళొచ్చిన మనిషి నలభై రోజులు నిండని బిడ్డ గదిలో అడుగు పెట్టకూడదు. పసివాడికి ఇవాళ ఇరవై ఆరో రోజు. ఇప్పుడు కారెక్కితే మళ్ళీ పద్నాలుగు రోజులదాకా మనవడి మొహం చూడటానికి లేదు. దానికే ఈ మొండితనమంతా అని కుబాత్ అభిప్రాయం. అతని భార్య బురుల్ అభిప్రాయమూ అదే.

బురుల్ ఆ ఇంటి పెద్ద కోడలు. ఓష్ నగరంలో పసిపిల్లల వైద్యం మీద పరిశోధన చేస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి నిద్రలో ఊపిరి ఎంతసేపు ఆగుతుంది, ఆగినప్పుడల్లా మెదడుకి ఏమవుతుంది, ఆ పిల్లలు రెండేళ్ళకి చెంచా పట్టుకోగలరా, మాట్లాడగలరా అన్నది ఆమె నాలుగేళ్ళుగా చూస్తున్న పని. అలాంటి మనిషి ఇంట్లో, అలాంటి మనిషి గోడ పక్కనే, రెండేళ్ళ క్రితం ఒక పసివాడు నిద్రలో పోయాడు. అంతకు ముందు ఒకడు పోయాడు. ఇద్దరూ చిన్న కోడలు మేరిమ్ బిడ్డలే. ఇప్పుడు తొట్టిలో ఉన్నది ఆమె మూడోవాడు.

ఆ రెండోవాడు పోయిన రోజు నుంచి బురుల్‌కి ఒక జబ్బు పట్టుకుంది. ఎవరు ఊపిరి తీసినా లెక్క పెడుతుంది. మొగుడిది, బస్సులో పక్క సీటు ముసలాయనది, చెప్పుల షాపువాడిది. లెక్కలో కాస్త జాప్యమైతే వాళ్ళ ఛాతీ వైపే చూస్తూ ఉండిపోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె అత్తగారి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పసివాడి ఛాతీకి ఊపిరి కొలిచే బెల్టు కట్టి రాత్రంతా రికార్డు తీశాం. నేనే చదివాను. ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. వీధిలో ఇద్దరు పిల్లలకి తీస్తే పక్కింటి సల్కిన్ కొడుక్కే తేడా కనిపించింది. అందుకే ఉన్న ఒక్క మానిటరూ వాడికిచ్చాం, మందూ వాడికే పోస్తున్నాం. మనవాడికి ఏ భయమూ లేదు.

"భయం లేదని నేనూ అంటున్నాగా," అంది తాజిఖాన్. "భయం లేదు. కూర్చుంటానంతే."

"మీ అక్కని మట్టిలో పెట్టేటప్పుడు ఇక్కడ కూర్చుంటారా?"

"అక్క పోయింది. వీడు ఉన్నాడు."

"ఉంటాడు అపా. మీరు కూర్చున్నా ఉంటాడు, లేచి వెళ్ళినా ఉంటాడు." కోడళ్ళిద్దరూ అత్తగారిని అపా, అంటే అమ్మా, అనే పిలుస్తారు.

ముసలావిడ పసివాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. ఆ వేలు చూడగానే బురుల్‌కి ఒళ్ళు మండింది. నాలుగేళ్ళ చదువు, రెండొందల మంది పిల్లలు, ఇన్ని యంత్రాలు. ఇంట్లో మాత్రం ముసలావిడ వేలిదే పెత్తనం. అక్క శవం లేవకుండా ఉంది, బంధువులంతా ఎదురు చూస్తున్నారు, బయట మొగుడు హారన్ కొడుతున్నాడు. నోరు జారింది.

"పక్కన కూర్చుంటే బతికేట్టయితే ఆ ఇద్దరూ బతికేవాళ్ళు కదా."

 మూల పరుపు మీద గోడవైపు తిరిగి పడుకున్న మేరిమ్ భుజాలు ఒక్కసారి కదిలి ఆగాయి.

తాజిఖాన్ తొట్టి కర్ర వదిలేసింది. రెండో బూటు వెతుక్కుని తొడుక్కుంది. తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది, బురుల్ వంగి సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"చదువుకున్నదానివి, నువ్వు చెప్తున్నావు గనక వెళ్తున్నాను," అంది. "నిద్రపోకు."

కారు వెళ్ళిపోయింది. అన్న మాటకి బురుల్‌కి అప్పుడే సిగ్గేసింది. కాని పంతం నెగ్గిన సుఖం కూడా ఎక్కడో ఉంది, అది ఇంకా సిగ్గు.

*

మేరిమ్ లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. మొగుడు పరాయి దేశంలో, కజాన్‌లో ఇళ్ళకి రంగులు వేస్తాడు, పురిటికి రాలేకపోయాడు. అత్తగారు ఉన్నంతసేపూ నోరు విప్పదు. లేనప్పుడు కూడా చిన్నగానే విప్పుతుంది.

"పాపం తగులుతుందేమో గానీ ఎజే, నాకు ఊపిరాడినట్టుంది," అంది. ఎజే అంటే అక్క, తోడికోడల్ని అలాగే పిలుస్తుంది.

బిడ్డ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజునుంచి అత్తగారు రాత్రిళ్ళు తన దగ్గర పడుకోబెట్టనే లేదట. పాలివ్వడానికి మాత్రం ఇచ్చి వెంటనే తీసుకుంటుందట. పాలు తాగి హాయిగా కళ్ళు మూస్తే చాలు, పాదం మీద చిటికె కొట్టి లేపేస్తుందట. పగలూ అంతే, రాత్రీ అంతే. ఎందుకు అపా అని అడిగితే నువ్వు పడుకో అంటుందట.

"నాకు తెలుసు ఎందుకో. నా పక్కలో వేస్తే వీణ్ణి కూడా నొక్కేస్తానని."

రెండోవాడు తల్లి పక్కలోనే పోయాడు. తెల్లారి మేరిమ్ లేచి చూసేసరికి ఆమె చంకలో చల్లబడి ఉన్నాడు. నిద్రలో మీద పడి నొక్కేసి ఉంటుందని ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. అనకపోవడమే ఆ ఇంట్లో పెద్ద మాట అయిపోయింది. అప్పటినుంచి మేరిమ్ మంచి బట్ట కట్టలేదు, పెళ్ళిళ్ళలో కూర్చోలేదు, నలుగురిలో నవ్వలేదు.

బురుల్ ఆమె తల నిమిరింది. అలా ఏం కాదని, అపాకి చాదస్తమని, ఇవాళ నువ్వే పెట్టుకో, వాణ్ణి కడుపునిండా నిద్రపోనియ్యి అని చెప్పింది. మేరిమ్ పసివాణ్ణి తొట్టిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. దొంగసొత్తు తీసుకున్నట్టు అటూ ఇటూ చూసి మరీ పెట్టుకుంది. రెండు కిలోలకి కాస్త ఎక్కువ ఉంటాడు. ముప్ఫై మూడో వారంలో పుట్టాడు.

వాడి పేరు సాతిబల్ది. అంటే కొనుక్కున్నవాడని. ఇంటికి తెచ్చిన రోజు వాణ్ణి వాకిలిలోంచి లోపలికి తేలేదు. పెరటి కిటికీలోంచి సల్కిన్ చేతుల్లోకి అందించారు. సల్కిన్ ఒక చాటెడు తవుడు పోసి వాణ్ణి కొనుక్కుంది. నా బిడ్డని మీ ఇంట్లో పెంచి పెట్టండమ్మా అని గట్టిగా అరిచి మళ్ళీ ఇచ్చింది. ఆ ఇంట్లో ఇద్దర్ని పట్టుకుపోయిన చావు మూడోవాడికోసం వస్తే, ఇది మేరిమ్ బిడ్డ కాదు, సల్కిన్ బిడ్డ అనుకుని గుమ్మంలోంచే తిరిగి పోవాలి. నలభై రోజులదాకా ఇంట్లో ఎవరూ వాణ్ణి మేరిమ్ కొడుకు అనకూడదు. బురుల్ ఆ రోజు కిటికీ పక్కన నిలబడి నవ్వింది. తవుడు మాత్రం మంచి తవుడు, కోళ్ళకి పనికొస్తుంది అంది.

*

పదిన్నరకి సల్కిన్ తన బిడ్డని ఎత్తుకుని దిగబడింది. అయిదుగురు పిల్లల తల్లి, గొంతు పెద్దది, ఒళ్ళు పెద్దది, మనసూ అంతే. అయిదోవాడు నెలలు నిండకుండా మూడు వారాలు ముందే పుట్టినా పొట్టేలు పిల్లలా ఉన్నాడు. పాదానికి మానిటర్ తీగ వేలాడుతోంది.

"చూడు ఎజే వీణ్ణి. చూడు వీడి కళ్ళు," అంది. "నీ మందు చుక్కలు పోసినప్పటినుంచి నిద్ర లేదు. తనకీ లేదు, నాకూ లేదు, నా మొగుడికి అసలే లేదు. ఊరి కాపలా వీడికే అప్పజెప్పినట్టు రాత్రంతా కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తాడు. నాకు భయమేస్తోంది, లెక్కలు చెప్పమంటాడేమోనని."

బురుల్ నవ్వి, మందు గుణమే అంత, ఊపిరి ఆగకుండా మెదడుని మేలుకొలిపి ఉంచుతుందని చెప్పింది. మానిటర్ మోగిందా అని అడిగింది. తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ మోగలేదంది సల్కిన్. మందు మొదలెట్టేముందు ఓష్ ఆస్పత్రిలో రెండు రోజులు పెట్టుకున్నప్పుడు కూడా వాళ్ళ ముందు ఒక్కసారీ ఊపిరి ఆపలేదు, అక్కడి డాక్టర్లు తలలు గోక్కున్నారు.

మందు కాస్త తగ్గించొచ్చేమో చూద్దామని బురుల్ తన గదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. సల్కిన్ కొడుకు రికార్డు తీసింది.

ఒక్క రాత్రిలో పంతొమ్మిదిసార్లు ఊపిరి ఆగింది. ఆ గీత ఆమెకి కంఠతా వచ్చు. ఎత్తు, పల్లం, ఎత్తు, పల్లం, ఆ తర్వాత తిన్నగా. అయితే ఒకటి మాత్రం మొదటిసారి చదివినప్పుడే వింతగా అనిపించింది. పసివాళ్ళ ఊపిరి ఆగితే ఒకసారి ఎనిమిది సెకన్లు, ఒకసారి ఇరవై, ఇష్టమొచ్చినట్టు ఆగుతుంది. వీడికి మాత్రం పంతొమ్మిదిసార్లూ పది, పన్నెండు సెకన్ల దగ్గరే ఊపిరి మళ్ళీ మొదలైంది. కత్తెరతో కత్తిరించినట్టు. ఇదేదో కొత్త రకమని, దీని మీద విడిగా ఒక వ్యాసం రాయొచ్చని అప్పుడు సంబరపడింది కూడా.

ఇవాళ అది సంబరంగా అనిపించలేదు. ఇంట్లో గడియారం పెట్టినట్టు ఆగినవాడు, ఆస్పత్రిలో అసలు ఆగకపోవడమేమిటి?

బెల్టు పెట్టెలో చిన్న మైకు ఉంటుంది. ఏడుపేదో ఊపిరేదో యంత్రం గుర్తుపట్టడానికి పెట్టింది. ఆ చప్పుళ్ళని యంత్రం వింటుంది, మనుషులెవరూ వినరు. రెండొందల రికార్డుల్లో బురుల్ ఒక్కటీ వినలేదు. ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటి ఆగుడు దగ్గరికి వెళ్ళింది.

తొట్టి కర్ర కిర్రుమంది. సన్నటి ఊపిరి, మళ్ళీ సన్నటి ఊపిరి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం బురుల్‌కి తెలుసు. రెండేళ్ళుగా ప్రతి రాత్రీ గోడ అవతలినుంచి అదే వింటోంది. ఏడో సెకనులో బట్ట సర్దిన చప్పుడైంది. పదో సెకనులో చిన్న చిటికె. ఆ వెంటనే చెవి పక్కనే చెప్పినట్టు ఒక ముసలి గొంతు వినిపించింది.

"సల్కిన్ కొడుకా. ఓ సల్కిన్ కొడుకా. ఇటు రా నాన్నా. అటు కాదు, ఇటు."

తాజిఖాన్ గొంతు.

బురుల్ రెండోదానికి వెళ్ళింది. అదే చిటికె, అదే పిలుపు. పదకొండోదానికి వెళ్ళింది. గొంతు బొంగురుపోయింది, నిద్రతో మాటలు తడబడుతున్నాయి, అయినా పిలుస్తోంది. తాజిఖాన్ ఆ రాత్రి సల్కిన్ ఇంట్లో లేదు. ఏ రాత్రీ లేదు.

రికార్డుతో పాటు నర్సు నింపిన కాగితం తెరిచింది. తల్లి పేరు: సల్కిన్. వివరాలు చెప్పినవారు: తాజిఖాన్, నాయనమ్మ. ఆ రెండో గడి ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు తను రాజధాని బిష్కెక్‌లో మీటింగులో ఉంది. వచ్చింది కొత్త నర్సు, ఊరు తెలియని పిల్ల. చేతిలో రెండు పేర్లు, ఎదురుగా ఉమ్మడి పెరడున్న రెండిళ్ళు. ఎవరి బిడ్డమ్మా అని అడిగి ఉంటుంది. చావు వింటోందని గట్టిగా చెప్పి ఉంటుంది ముసలావిడ, సల్కిన్ బిడ్డ అని. నర్సు రాసుకుంది. రెండో ఇంట్లో అడగనైనా అడగలేదు. మిగిలింది మేరిమ్ బిడ్డేగా.

ఆమె జాబితాలో సాతిబల్దిలు ఇంకా ఉన్నారు. చావుని ఆగిపోమని, బిడ్డని నిలబడమని పేర్లు పెట్టుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళని ఎవరి బిడ్డలుగా రాయించారో? ఆ ఆలోచన తలలోకి రాగానే దాన్ని పక్కకి తోసి లేచి పరుగెత్తింది.

*

మేరిమ్ పెదవి మీద వేలు పెట్టి నవ్వింది. రెండేళ్ళలో ఆమె నవ్వు చూడటం బురుల్‌కి అదే మొదలు.

"ష్, ఎజే. గంట పైనే అయింది. ఎంత చక్కగా పడుకున్నాడో, కదలను కూడా కదలట్లేదు."

బురుల్ దుప్పటి లాగేసింది. పెదాల చుట్టూ బూడిద రంగు. ఛాతీ మీద చెయ్యి వేసింది. చెయ్యి కింద ఏ కదలికా లేదు. వాడి ఎడమ పాదం దొరకబుచ్చుకుని చిటికె కొట్టింది, మళ్ళీ కొట్టింది, వీపు మీద గట్టిగా రాసింది. ఎంతసేపైందో ఆమెకి తెలియదు. లెక్క పెట్టే మనిషికి ఆ ఒక్కసారీ లెక్క అందలేదు.

పసివాడు ఒక్క కుదుపుతో ఊపిరి తీసి సన్నగా ఏడ్చాడు.

ఆ గొడవకి వాకిట్లో కూర్చున్న సల్కిన్ లోపలికొచ్చింది. వచ్చి, ఏమీ అడక్కుండా తన బిడ్డ పాదానికున్న మానిటర్ ఊడదీసి ఇచ్చింది. బురుల్ దాన్ని సాతిబల్ది పాదానికి తగిలించి, మీ వాడికి ఇక మందు చుక్క పొయ్యొద్దు, వాడికి ఏ జబ్బూ లేదు అంది. సల్కిన్ మొహం తెల్లబోయింది. తన బిడ్డని ఎత్తుకుని గోడ దగ్గరికి జరిగింది.

మేరిమ్‌కి ఇంకా అర్థం కాలేదు. "కాదు ఎజే. నువ్వే చెప్పావు బాగున్నాడని. కాగితం మీద సంతకం పెట్టి చెప్పావు."

"తప్పు చెప్పాను. కాగితాలు తారుమారయ్యాయి. ఊపిరి ఆగేది వీడికే."

తొమ్మిది రోజులు. మానిటర్ మనవాడికే ఉంచు ఎజే అని మేరిమ్ కాళ్ళావేళ్ళా పడితే, సొంత మనుషులని చూడను, అవసరం ఉన్నవాళ్ళకే ఇస్తాను అని గొప్పగా చెప్పిన రోజుకి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ వీడికి అడ్డు నిలబడింది ఒక ముసలి చెయ్యి. దాన్ని తను పొద్దున్నే తిట్టి పంపేసింది. ఈ గంటలో మెదడుకి ఎంత ఆక్సిజన్ అందలేదో, వీడు రెండేళ్ళకి చెంచా పట్టుకుంటాడో లేదో, ఆ ప్రశ్న ఊళ్ళో అందరి బిడ్డల గురించీ అడిగింది. ఇప్పుడు తన ఒళ్ళోకి వచ్చింది.

ఓష్ ఆస్పత్రికి ఫోన్ చేసింది. అంబులెన్సు పంపిస్తామన్నాడు డ్యూటీ డాక్టరు, గంట పడుతుందన్నాడు. పాత రికార్డు చూసి మందు సిద్ధం చేయిస్తా, తల్లి పేరు చెప్పండి అన్నాడు.

బురుల్ నోరు తెరిచింది. మేరిమ్ చెయ్యి వచ్చి ఆ నోరు మూసింది.

"బయటికి అనొద్దు," అంది మేరిమ్ గుసగుసగా. "పద్నాలుగు రోజులే ఉంది ఎజే. సల్కిన్ అని చెప్పు. ఎలాగూ అంబులెన్సు వస్తుందిగా."

బురుల్ ఆ చెయ్యి తీసి, అలా కుదరదని, సల్కిన్ కొడుకు మూడున్నర కిలోలు, వాడి లెక్కన మందు కలిపితే వీడికి విషమని చెప్పింది. వీడి ముందు ఇద్దరు పోయిన సంగతి వాళ్ళకి తెలియాలని చెప్పింది. మేరిమ్ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఫోన్లో డాక్టరు హలో, హలో అంటున్నాడు.

"తవుడికి నవ్వావు నువ్వు. నీకేం తెలుసు? నేను రెండుసార్లు నా బిడ్డ అన్నాను. రెండుసార్లూ అది విన్నది."

మానిటర్ కీచుమంది. మేరిమ్ చేతుల్లోనే, మేరిమ్ చూస్తుండగానే పసివాడి ఛాతీ నిలిచిపోయింది. పెదాలు రంగు మారాయి. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆ పోవడం ఎలా ఉంటుందో అంతవరకు చూడలేదు. ఏ చప్పుడూ లేకుండా, ఏ బాధా లేకుండా, చక్కగా నిద్రపోయినట్టే ఉంది.

బురుల్ పాదం మీద కొట్టింది. వాడు వెనక్కి వచ్చాడు.

మేరిమ్ ఫోన్ లాక్కుంది. "నా బిడ్డ," అంది. గొంతు మొదట రాలేదు, రెండోసారి వాకిట్లోకి వినపడేట్టు వచ్చింది. "రాసుకోండి. తల్లి పేరు మేరిమ్. సల్కిన్ కాదు. నా కడుపున పుట్టినవాడు. ముందు పోయిన ఇద్దరూ నా వాళ్ళే."

సల్కిన్ తలదించుకుని ఏదో ప్రార్థన గొణుక్కుంది. ఆ తర్వాత, తన బిడ్డకి పాలివ్వాలని చెప్పి వెళ్ళిపోయింది. పిలిచినప్పుడు వస్తానంది గానీ వెనక్కి తిరిగి చూడలేదు.

*

గదిలో ఇద్దరే మిగిలారు. పసివాడు తొట్టిలో. బురుల్ ఒక చేత్తో వాడి పాదం పట్టుకుని, రెండో చేత్తో మానిటర్ అంకెలు తన వైపు తిప్పుకుని కూర్చుంది. మేరిమ్ కిటికీ తలుపులు బిగించి, వాకిలి గడియ పెట్టి వచ్చింది. ఎవరు రాకుండానో బురుల్ అడగలేదు.

బురుల్ ఫోన్ మోగింది. కుబాత్ నంబరు. చేతులు ఖాళీ లేవు. మేరిమ్ ఫోన్ తీసి స్పీకరు నొక్కి ఆమె ముందు పట్టుకుంది.

"బురుల్, నువ్వేనా?" తాజిఖాన్ గొంతు. వెనక లారీల మోత. వంతెన దగ్గర ఆగారట, చావింటికి పట్టుకెళ్ళడానికి కుబాత్ రొట్టెలు కొంటున్నాడట. "పడుకున్నాడా వాడు?"

"పడుకున్నాడు అపా."

"దగ్గర ఎవరున్నారు?"

"నేనున్నాను."

"మేరిమ్ ఉందా?"

బురుల్ తలెత్తింది. మేరిమ్ గబగబా తల అడ్డంగా ఊపింది. ఇప్పుడే నా బిడ్డ అని పైకి అనేసింది, అత్తగారు అడిగితే ఏం చెప్పాలి?

"లేదు అపా. పక్క గదిలో పడుకుంది."

"పడుకోనీ. నువ్వు విను." ముసలావిడ గొంతు తగ్గించింది. "వాడికి ఊపిరి ఆగుతుంది. నీ యంత్రానికి కనపడలేదు, నాకు కనపడింది. ఎడమ పాదం మీద చిటికె కొట్టు. సల్కిన్ కొడుకా అనే పిలువు."

"తెలిసింది అపా. ఇప్పుడే తెలిసింది." బురుల్‌కి పొద్దున అన్న మాటకి క్షమించమని అడగాలనుంది. కాని నోటికి వచ్చింది వేరే మాట. "నాకెందుకు చెప్పలేదు? ఇంట్లోనే ఉన్నాను కదా. అదే నా పని కదా."

అవతల కారు తలుపు వేసుకున్న చప్పుడైంది.

"ఏమని చెప్పను? నీకెలా తెలుసు అంటావు కదా మొట్టమొదట." తాజిఖాన్ దగ్గింది. "రెండోవాడికీ ఇంతే, బురుల్. పదిహేడు రాత్రులు వాడి పక్కన కూర్చున్నాను. పద్దెనిమిదో రోజు తెల్లారగట్ల కునుకు పట్టింది. ఎంతసేపూ కాదు, పాలు పొంగేంతసేపు. కళ్ళు తెరిచేసరికి చల్లగా ఉన్నాడు."

బురుల్ ఆపబోయింది. అపా అని పిలవబోయింది. తాజిఖాన్ ఆగలేదు.

"భయమేసింది. నా కొడుక్కి ఏం చెప్పను, ఊరికి ఏం చెప్పను? వాణ్ణి ఎత్తుకుని వెళ్ళి, పాలిస్తూ నిద్రపోయిందనుకునేట్టు మేరిమ్ పక్కలో పడుకోబెట్టాను. దాని చెయ్యి తీసి వాడి మీద వేశాను. అది లేవలేదు."

మేరిమ్ చేతిలో ఫోన్ అలాగే ఉంది. వణకలేదు, దించలేదు. ఆమె ఫోన్ వైపు కాదు, తన కుడిచెయ్యి వైపు చూస్తోంది.

"బురుల్, వింటున్నావా?" అంది తాజిఖాన్. "ఆ పిల్లకి మాత్రం తెలియనివ్వకు."